ల్యాప్‌టాప్‌లో 10 వేల ఈథర్, జేబులో పది రూపాయలు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టుల సీజన్ నడుస్తోంది కదా, టైటిల్‌లో బ్లాక్‌చెయిన్ అనే మాట తగిలించకపోతే గైడ్ సంతకం పెట్టరనే నమ్మకం పిల్లల్లో బాగా ముదిరింది. ఎందుకు తీసుకున్నారనే సంగతి వదిలేద్దాం. తీసుకున్నాక ఇరుక్కుంటున్నది మాత్రం చాలామంది ఒకేచోట. ల్యాప్‌టాప్‌లో నడిచే లోకల్ నోడ్‌ని, అంటే టెస్టుల కోసం సొంత కంప్యూటర్‌లోనే చిన్న చెయిన్‌ని నడిపే ప్రోగ్రామ్‌ని, అసలు బ్లాక్‌చెయిన్ (చాలా కంప్యూటర్లు కలిసి దాచే, చెరపలేని లావాదేవీల పుస్తకం) లాగా శాశ్వతం అనుకుంటున్నారు. అది కాదు, కాకపోవడమే దానివల్ల లాభం కూడా. అందుకే ఈ సంచికలో మిగతా ప్రశ్నలు ఆపి ఇవే తీసుకున్నాను.

ప్రశ్న: సార్, మేము నలుగురం కలిసి తోతాపురి రైతులకీ పల్ప్ ఫ్యాక్టరీలకీ మధ్య చెల్లింపుల మీద స్మార్ట్ కాంట్రాక్ట్ (బ్లాక్‌చెయిన్ మీద తనంతట తానే నడిచే ఒప్పంద ప్రోగ్రామ్) రాస్తున్నాం. టెస్ట్ చేయడానికి ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ నోడ్ కావాలంటే 2 టెరాబైట్ల డిస్క్ ఉండాలని సీనియర్ అన్నాడు. నా ల్యాప్‌టాప్ 8 జీబీ ర్యామ్‌ది, డిస్క్‌లో ఖాళీ కూడా పెద్దగా లేదు. గైడ్ గారేమో గనాష్ వాడమన్నారు. పెట్టాను, కాంట్రాక్ట్‌ని డిప్లాయ్ చేస్తే (చెయిన్ మీద పెడితే) ‘ఇన్‌వాలిడ్ ఆప్‌కోడ్’ అంటోంది. ఏం చేయాలి?
– బీటెక్ విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీ సీనియర్ చెప్పింది తప్పు కాదమ్మా, కాకపోతే వేరే వస్తువు గురించి చెప్పాడు. నిజమైన ఇథీరియం నెట్‌వర్క్‌లో చేరే నోడ్‌కి ట్రాన్సాక్షన్లు నడిపే ఎగ్జిక్యూషన్ క్లయింట్ ఒకటి, ఏ బ్లాక్ చెల్లుతుందో మిగతా నోడ్‌లతో కలిసి తేల్చే కన్సెన్సస్ క్లయింట్ ఒకటి రెండూ నడవాలి, దానికి 2 టెరాబైట్ల ఎస్ఎస్‌డీ పెట్టుకోమనే చెబుతారు. మీకు కావలసింది అది కాదు. మీ ల్యాప్‌టాప్‌లోనే పుట్టి, ఏ నెట్‌వర్క్‌తోనూ సంబంధం లేకుండా, సున్నా బ్లాక్ నుంచి మొదలయ్యే చిన్న చెయిన్ కావాలి. దానికి డౌన్‌లోడ్ చేసుకోవాల్సిన చరిత్ర ఏమీ ఉండదు, 8 జీబీ ర్యామ్ ధారాళంగా సరిపోతుంది.

ఇక గనాష్, అదీ ఒక లోకల్ నోడే. ఒకప్పుడు అందరూ వాడారు, యూట్యూబ్ పాఠాలన్నీ దాంతోనే ఉన్నాయి, అందుకే గైడ్ గారు ఆ పేరు చెప్పి ఉంటారు. కానీ గనాష్‌నీ, దానికి జోడీగా వాడే ట్రఫుల్‌నీ ఆపేస్తున్నట్టు వాటి యజమాని కాన్సెన్సిస్ కంపెనీ 2023 సెప్టెంబర్‌లో ప్రకటించింది, అదే ఏడాది డిసెంబర్‌లో కోడ్‌ని ఆర్కైవ్‌లో పెట్టేశారు. మీ ఎర్రర్‌కి కారణం కూడా అక్కడే ఉంది. 2023 ఏప్రిల్‌లో వచ్చిన షాంఘై అప్‌గ్రేడ్‌తో ఇథీరియంలోకి పుష్‌జీరో అనే కొత్త ఆప్‌కోడ్ (కాంట్రాక్టులు నడిపే ఈవీఎం అనే యంత్రానికి ఇచ్చే ఒక ఆదేశం) వచ్చింది. కాంట్రాక్టులు రాసే భాష సాలిడిటీ, దాని కంపైలర్ 0.8.20 నుంచి మీరు అడక్కపోయినా దాన్ని వాడుతుంది. పాత గనాష్‌కి ఆ ఆప్‌కోడ్ అంటే ఏమిటో తెలియదు, ఇన్‌వాలిడ్ అని చేతులెత్తేస్తుంది. మీ కోడ్‌లో తప్పేమీ లేదు. కంపైలర్ సెట్టింగుల్లో ఈవీఎం వెర్షన్‌ని షాంఘైకి ముందుదైన ‘పారిస్’ అని పెడితే అప్పటికి గడుస్తుంది గానీ, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు గనాష్‌ని పట్టుకుని వేలాడాల్సిన పని లేదు.

రెండు దారులున్నాయి. జావాస్క్రిప్ట్ వచ్చినవాళ్ళకి హార్డ్‌హ్యాట్. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ‘ఎన్‌పీఎక్స్ హార్డ్‌హ్యాట్ నోడ్’ అని కొడితే 127.0.0.1 మీద 8545 పోర్టులో చెయిన్ లేస్తుంది, 20 ఖాతాలు, ఒక్కోదాంట్లో 10,000 ఈథర్ (ఇథీరియం నాణెం) చొప్పున తెర మీద వరసగా పడతాయి. రెండోది ఫౌండ్రీ, అందులోని నోడ్ పేరు అన్విల్. రస్ట్‌లో రాశారు, చాలా వేగం, 10 ఖాతాలిస్తుంది, టెస్టులు కూడా సాలిడిటీలోనే రాసుకోవచ్చు. చెయిన్ ఐడీ రెండింటికీ 31337, పోర్టు కూడా ఒకటే, కాబట్టి రెండూ ఒకేసారి నడపకండి. విండోస్ వాళ్ళు డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపే సదుపాయం) పెట్టుకుంటే సగం తలనొప్పులు తగ్గుతాయి. మీ టీమ్‌కి నేనైతే హార్డ్‌హ్యాట్ చెబుతాను, ఎందుకంటే నలుగురిలో కనీసం ఇద్దరికి జావాస్క్రిప్ట్ వచ్చే ఉంటుంది, పైగా కాంట్రాక్ట్ లోపల కన్సోల్ లాగ్ (మధ్యలో విలువల్ని చూపించే లైను) రాస్తే అది నోడ్ నడిచే టెర్మినల్‌లో కనబడుతుంది, కొత్తవాళ్ళకి అంతకు మించిన సుఖం లేదు. ఒక్క జాగ్రత్త: హార్డ్‌హ్యాట్ 3లో కాన్ఫిగ్ ఫైల్ రాసే తీరు మారింది. చూసే వీడియో 2ది, ఇన్‌స్టాల్ అయ్యింది 3 అయితే మొదటి అడుగులోనే తన్నుకుంటుంది.

గైడ్ గారితో వాదన పెట్టుకోకండి. ఆర్కైవ్ అయిన పేజీ చూపించండి చాలు.

ప్రశ్న: రాత్రి దాకా అన్నీ పనిచేశాయన్నా. పొద్దున లేచి నోడ్ ఆన్ చేసి మెటామాస్క్ వాలెట్‌లో ట్రాన్సాక్షన్ పంపితే ‘నాన్స్ టూ హై’ అంటోంది. స్నేహితుడి సిస్టమ్‌లో ఇంకో రకం, ఎర్రర్ ఏమీ రాదు, ట్రాన్సాక్షన్ సక్సెస్ అంటుంది, కానీ రైతు పేరు సేవ్ కాదు. ఎల్లుండి రివ్యూ ఉంది, టెన్షన్‌గా ఉంది.
– డిప్లొమా విద్యార్థి, శ్రీకాళహస్తి

జవాబు: టెన్షన్ పడకు తమ్ముడూ, రెండింటికీ మూలం ఒకటే. నోడ్‌ని ఆపిన క్షణంలో ఆ చెయిన్ పోయింది. హార్డ్‌హ్యాట్ నోడ్ అంతా మెమరీలోనే పెట్టుకుంటుంది, టెర్మినల్ మూసినా, కంట్రోల్ సీ నొక్కినా, కరెంటు పోయి ల్యాప్‌టాప్ ఆరిపోయినా, బ్లాకులు, కాంట్రాక్టులు, రైతుల పేర్లు అన్నీ మాయం. పొద్దున నువ్వు లేపింది కొత్త చెయిన్. ఆ సంగతి నోడ్‌కి తెలుసు, మెటామాస్క్‌కి తెలియదు.

ప్రతి ఖాతా నుంచి వెళ్ళే ట్రాన్సాక్షన్‌కి ఒక వరస సంఖ్య ఉంటుంది, అదే నాన్స్, సున్నా నుంచి మొదలవుతుంది. రాత్రి నువ్వు ఏడు పంపావనుకో, 0 నుంచి 6 దాకా అయిపోయాయని మెటామాస్క్ రాసిపెట్టుకుంది, పొద్దున 7 అని పంపింది. కొత్త చెయిన్ ఇంకా 0 కోసమే చూస్తోంది. టెర్మినల్‌లో ఎర్రర్ పూర్తిగా చదివితే ఆ ముక్కే ఉంటుంది, రావలసింది 0, వచ్చింది 7 అని. మొదటి మూడు మాటలు చదివి గూగుల్‌కి పరిగెత్తే అలవాటు మానుకుంటే చాలా టైమ్ మిగులుతుంది. మెటామాస్క్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్ళి ‘క్లియర్ యాక్టివిటీ ట్యాబ్ డేటా’ నొక్కు, పోతుంది. అప్పటికీ మొండికేస్తే వేరే నెట్‌వర్క్‌కి మార్చి మళ్ళీ వెనక్కి రా.

మీ స్నేహితుడిది ఇంకా చిత్రమైన కేసు. కాంట్రాక్ట్ చిరునామాని నోడ్ ఏదో గాల్లోంచి తియ్యదు, డిప్లాయ్ చేసిన ఖాతా చిరునామా, ఆ ఖాతా నాన్స్, ఈ రెండింటి నుంచి లెక్కగట్టి తీస్తుంది. అందుకే హార్డ్‌హ్యాట్ మొదటి ఖాతా నుంచి మొదటిసారి డిప్లాయ్ చేస్తే ప్రపంచంలో ఎవరికైనా ఒకే చిరునామా వస్తుంది, 5ఎఫ్‌బీడీబీ2తో మొదలయ్యేది. మీ స్నేహితుడి రియాక్ట్ కోడ్‌లో (వెబ్ పేజీ కోడ్‌లో) నిన్నటి చిరునామా ఉంది, ఇవాళ్టి చెయిన్‌లో అక్కడ ఏమీ లేదు. ఖాళీ చిరునామాకి ట్రాన్సాక్షన్ పంపితే ఇథీరియం దాన్ని తప్పనదు, మామూలు ఖాతాకి పంపినట్టే తీసుకుని సక్సెస్ అంటుంది. నోడ్ టెర్మినల్‌లో మాత్రం, కాంట్రాక్ట్ కాని ఖాతాని పిలుస్తున్నావని వార్నింగ్ పడుతుంది. అతను ఆ టెర్మినల్ మినిమైజ్ చేసి బ్రౌజర్ ఒక్కటే చూస్తున్నట్టున్నాడు. అదే చిరునామా నుంచి డేటా చదవబోతే ‘కుడ్ నాట్ డీకోడ్ రిజల్ట్ డేటా’ అని ఈథర్స్ లైబ్రరీ అరుస్తుంది, అదీ ఇదే జబ్బు.

ఇంకో మెలిక ఉంది. రేపు మీరు ముందు టోకెన్ (డిజిటల్ నాణెం) కాంట్రాక్ట్, తర్వాత రైతుల కాంట్రాక్ట్ అని డిప్లాయ్ వరస మార్చారనుకో, మొదటి చిరునామాలో టోకెన్ వచ్చి కూర్చుంటుంది, యాప్ మాత్రం అది రైతుల కాంట్రాక్టే అనుకుని మాట్లాడుతుంది. ఇవన్నీ చేత్తో సరిచేసుకుంటూ కూర్చుంటే రివ్యూ రోజు కచ్చితంగా ఒకటి మర్చిపోతారు. డిప్లాయ్ స్క్రిప్ట్ ఒకటి రాసి, అది కాంట్రాక్టులు పెట్టి, ఇద్దరు ముగ్గురు రైతుల పేర్లు, కొన్ని లోడ్లు చేర్చి, వచ్చిన చిరునామాలని ఒక జేసన్ ఫైల్‌లో రాసి, రియాక్ట్ ఆ ఫైల్‌నే చదివేటట్టు పెట్టండి. అప్పుడు నోడ్ వందసార్లు చచ్చినా ఒక్క కమాండ్‌తో నిలబడుతుంది. చెయిన్‌ని దాచుకునే దారి కూడా లేకపోలేదు, అన్విల్‌కి ‘స్టేట్’ అనే ఆప్షన్‌తో ఒక ఫైల్ పేరిస్తే ఆపేటప్పుడు అందులో రాసిపెట్టి మళ్ళీ అక్కడి నుంచి మొదలెడుతుంది. డెమోకి పనికొస్తుంది. రోజూ వాడితే మాత్రం పాత చెత్త మీద టెస్టులు పాసవుతున్నాయో, నిజంగానే పాసవుతున్నాయో తెలియని పరిస్థితి వస్తుంది.

ప్రశ్న: అయ్యా, నాకు చిత్తూరు గ్రీమ్స్‌పేటలో చిన్న హార్డ్‌వేర్ షాపుంది. మావాడు బెంగళూరులో చదువుతూ సెలవులకి వచ్చాడు. వాడి కంప్యూటర్లో 20 ఖాతాలు, ఒక్కోదాంట్లో 10,000 ఈథర్ అని చూశాను. ఈథర్ ధర ఎంతో ఫోన్లో చూసి గుండె ఆగినంత పనైంది. వాడేమైనా తప్పుడు పని చేస్తున్నాడా? ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు వస్తారా? అడిగితే ‘ఏం కాదు నాన్నా, లోకల్’ అని నవ్వుతున్నాడు.
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: నవ్వకుండా చెప్పి ఉండాల్సింది మీ అబ్బాయి. భయపడకండి, చిన్నప్పుడు పిల్లలు ఆడే బిజినెస్ ఆటలో నోట్ల లాంటివి అవి, ఆ డబ్బాలోనే చెల్లుతాయి. ఆ ఈథర్ మీ అబ్బాయి ల్యాప్‌టాప్‌లో పుట్టింది, అక్కడే పోతుంది, ఎవరికీ పంపలేడు, అమ్మలేడు. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను, ఆ జులై నుంచి 1 శాతం టీడీఎస్ వచ్చాయి, అవి నిజమైన క్రిప్టో ఆస్తుల లావాదేవీలకి. ఈ ప్రాక్టీసు అంకెలకి దాంతో సంబంధం లేదు.

అయితే మీరు అడిగారు కాబట్టి రెండు జాగ్రత్తలు, మీకు కాదు, వాడికి చదివి వినిపించండి. ఆ 20 ఖాతాల ప్రైవేట్ కీలు (రహస్య పాస్‌వర్డ్ లాంటివి) ప్రపంచమంతటికీ తెలుసు, హార్డ్‌హ్యాట్, అన్విల్ వాడే ప్రతి ఒక్కరికీ అవే కీలు, ఎందుకంటే అన్నీ ఒకే సీడ్ వాక్యం నుంచి వచ్చినవి. ‘టెస్ట్’ అనే మాట పదకొండుసార్లు, చివర ‘జంక్’, అదీ ఆ వాక్యం. కాబట్టి అదే చిరునామాకి ఎవరైనా అసలు నెట్‌వర్క్‌లో నిజమైన ఈథర్ పంపితే, కాచుకుని కూర్చున్న బాట్‌లు కన్ను మూసి తెరిచేలోగా ఊడ్చేస్తాయి. నోడ్ లేవగానే ఆ హెచ్చరిక పెద్దక్షరాల్లోనే పడుతుంది, ఎవరూ చదవరు. రెండోది, ప్రాక్టీసు వాలెట్ వేరే బ్రౌజర్ ప్రొఫైల్‌లో పెట్టుకోమనండి. నిజమైన డబ్బున్న వాలెట్‌ని ఈ పనులకి వాడకూడదు.

ఎవరైనా ‘టెస్ట్ ఈథర్ అమ్ముతాం, తక్కువ ధర’ అని మెసేజ్ పెడితే కొనవద్దని కూడా చెప్పండి. విలువ లేని దాన్ని విలువ కట్టి అమ్మేవాళ్ళకి మన ఊళ్ళలోనూ కొదవ లేదు.

ప్రశ్న: మా కాంట్రాక్ట్‌లో లోడు దిగాక 30 రోజుల్లోగా ఫ్యాక్టరీ డబ్బు కట్టకపోతే, ముందే పెట్టిన డిపాజిట్ రైతుకి వెళ్ళాలి. 30 రోజులు ఆగి టెస్ట్ చేయలేం కదా సార్. ఇంకోటి, 2025 సీజన్‌లో తోతాపురికి కిలో 12 రూపాయలని, ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 అన్నారు కదా, అట్లా ఇద్దరు చెల్లించే పద్ధతి కూడా పెట్టాలనుకుంటున్నాం. రూపాయల్ని ఎట్లా చూపించాలి?
– ఎంసీఏ విద్యార్థులు, బంగారుపాళ్యం

జవాబు: ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నా. లోకల్ నోడ్ ఎందుకు పెట్టుకోవాలో ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ లేదు, ఎందుకంటే ఇక్కడ కాలం మీ చేతిలో ఉంటుంది. ‘ఈవీఎం ఇంక్రీజ్ టైమ్’ అనే పిలుపుకి సెకన్లు ఇవ్వాలి, 30 రోజులంటే 25,92,000. అది ఇచ్చాక ‘ఈవీఎం మైన్’ అని ఒక బ్లాక్ వేయించండి. చాలామంది రెండోది మర్చిపోయి కాలం జరగలేదని తల పట్టుకుంటారు, కొత్త బ్లాక్ వచ్చేదాకా ఆ మార్పు కనబడదు. హార్డ్‌హ్యాట్ నెట్‌వర్క్ హెల్పర్స్‌లోని ‘టైమ్ ఇంక్రీజ్’ వాడితే రెండూ అదే చూసుకుంటుంది. ఫౌండ్రీ టెస్టుల్లో అయితే ‘వార్ప్’ ఉంది.

29వ రోజు క్లెయిమ్ చేస్తే తిరస్కరించాలి, 31వ రోజు ఇవ్వాలి, ఇవి అందరూ రాస్తారు. కచ్చితంగా 30 రోజులు నిండిన సెకనులో ఏం జరగాలి? కోడ్‌లో ‘కన్నా పెద్దది’ గుర్తు పెట్టారా, ‘పెద్దది లేదా సమానం’ పెట్టారా? ఆ ఒక్క సెకను కోసం టెస్ట్ విడిగా రాయండి. అక్కడ ‘సెట్ నెక్స్ట్ బ్లాక్ టైమ్‌స్టాంప్’ వాడాలి, లేకపోతే ట్రాన్సాక్షన్ వేసే బ్లాక్ ఇంకో సెకను ముందుకి జరిగి, మీరు అనుకున్న క్షణం తప్పిపోతుంది.

కాలాన్ని ముందుకే తోయగలరు, వెనక్కి తేలేరు. అందుకని ముందు ‘స్నాప్‌షాట్’ తీసుకుని, పరీక్ష అయ్యాక ‘రివర్ట్’ చేయండి, చెయిన్ మొత్తం మునుపటి స్థితికి వస్తుంది. ఒకసారి రివర్ట్ చేసిన స్నాప్‌షాట్ మళ్ళీ పనికిరాదు, కొత్తది తీసుకోవాలి. ఈ గొడవంతా ఎందుకనుకుంటే హార్డ్‌హ్యాట్‌లో ‘లోడ్ ఫిక్స్‌చర్’ ఉంది, ఆ రెండూ అదే చూసుకుంటుంది. ఇంకో మాట, నోడ్ కాలం నెల ముందుకి జరిపాక మీ వెబ్ పేజీ ల్యాప్‌టాప్ గడియారం చూసి ‘ఇంకా 30 రోజులుంది’ అని చూపిస్తుంది, కాంట్రాక్ట్ మాత్రం గడువు దాటిందంటుంది. పేజీలో కూడా బ్లాక్ టైమే వాడండి.

రూపాయల సంగతి. చెయిన్‌లో రూపాయి లేదు, కాబట్టి టెస్టుల కోసం సొంతంగా ఒక మాక్ (ఉత్తుత్తి) టోకెన్ రాసుకోండి, ఎంత కావాలంటే అంత ముద్రించుకోవచ్చు. దశాంశాలు చూసుకోండి, ఈథర్‌కి 18 ఉంటాయి, డాలర్‌తో ముడిపడిన యూఎస్‌డీసీ లాంటి వాటికి 6 మాత్రమే. మీరు 2 పెట్టుకుంటే పైసలదాకా సరిపోతుంది, కాంట్రాక్ట్‌లో ఎక్కడా 18 అని గట్టిగా రాసేయకండి. ఇద్దరు చెల్లించే దాంట్లో ఫ్యాక్టరీ 8 వచ్చింది, ప్రభుత్వ వాటా 4 రాలేదు అనే పరిస్థితికి టెస్ట్ తప్పనిసరి. రైతుకి 8 వెంటనే ఇస్తారా, 12 కలిసేదాకా ఆపుతారా? నేనైతే ఆపకూడదంటాను. అది సాలిడిటీ తేల్చే విషయం కాదు, మార్కెట్ యార్డుకి వెళ్ళి ఇద్దరు రైతుల్ని అడిగితే నిమిషంలో తేలుతుంది.

అన్నట్టు, కాటా దగ్గర తూకం స్లిప్పులో ఎంత రాస్తే కాంట్రాక్ట్ అంతే నమ్ముతుంది. లోడులో ఎన్ని కాయలు పక్కకి తీశారో దానికి తెలియదు. కాణిపాకంలో ప్రమాణం చేయించి టైప్ చేయించినా ఆ అంకెని సరిచూసే శక్తి చెయిన్‌కి రాదు. రిపోర్టులో ఈ పరిమితిని దాచకుండా రాయండి, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మొదట అడిగేది అదే.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లో నోడ్ బాగానే ఉంది, మా ఆండ్రాయిడ్ యాప్ ఫోన్ నుంచి కనెక్ట్ కావట్లేదు. హాస్టల్ వైఫై సమస్యా?
– తిరుపతి హాస్టల్ నుంచి

జవాబు: కాదు. 127.0.0.1 అంటే ‘ఈ పరికరమే’ అని అర్థం, ఫోన్‌లో రాస్తే ఫోన్ తనలోనే వెతుక్కుంటుంది. యూఎస్‌బీ కేబుల్ పెట్టి ఏడీబీ అనే ఆండ్రాయిడ్ టూల్‌లో ‘రివర్స్’ కమాండ్‌తో రెండువైపులా టీసీపీ 8545 ఇవ్వండి, ఫోన్‌లో అదే చిరునామా పనిచేస్తుంది. ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్) అయితే 10.0.2.2. నోడ్‌ని 0.0.0.0 మీద పెట్టి వైఫైలో అందరికీ తెరిచే దారి కూడా ఉంది గానీ, హాస్టల్‌లో వద్దు. ఆ ఖాతాలకి తాళాలుండవు, పక్క రూమువాడు సరదాకి మీ చెయిన్‌లో కాలాన్ని పదేళ్ళు ముందుకి జరిపితే మీరు కోడ్‌లో బగ్ అనుకుని రాత్రంతా కూర్చుంటారు.

ప్రశ్న: చెన్నైలో ఒక చిన్న కంపెనీలో చేస్తున్నాను, మాది పుత్తూరు. లోకల్ నోడ్ మీద టెస్టులన్నీ పాస్, కవరేజ్ 100 శాతం. మేనేజర్ నేరుగా మెయిన్‌నెట్‌కి (అసలు నెట్‌వర్క్‌కి) వెళ్దామంటున్నాడు. వెళ్ళొచ్చా?
– ఒక డెవలపర్

జవాబు: వద్దు. కవరేజ్ 100 అంటే ప్రతి లైనూ ఒక్కసారైనా నడిచిందని, ప్రతి దుర్మార్గుడూ వచ్చి వెళ్ళాడని కాదు. 2016లో ది డావో అనే పెట్టుబడి నిధి కాంట్రాక్ట్‌లో డబ్బు పంపాక లెక్క సరిచేసే వరస ఉండటంతో, ఒకడు అదే ఫంక్షన్‌ని లోపల నుంచి మళ్ళీ మళ్ళీ పిలిచి సుమారు 36 లక్షల ఈథర్ లాగేశాడు. 2017 నవంబర్‌లో ప్యారిటీ మల్టీసిగ్ వాలెట్లది (ఒకరికి మించి సంతకాలు కావలసినవి) ఇంకో కథ, ఎవరూ ఇనిషియలైజ్ (మొదటి సెటప్) చేయకుండా వదిలేసిన లైబ్రరీ కాంట్రాక్ట్‌కి ఒకరు ఓనర్ అయిపోయి దాన్ని చంపేశారు, 5 లక్షలకు పైగా ఈథర్ గడ్డకట్టిపోయింది. ‘డిప్లాయ్ అయిన వెంటనే ముక్కూ మొహం తెలియనివాడు ఇనిషియలైజ్ పిలిస్తే?’ అనే టెస్ట్ మీ దగ్గరుందా, ముందు అది చూడండి.

లోకల్ నోడ్‌లో మీరొక్కరే మనుషులు. ట్రాన్సాక్షన్ రాగానే దానికోసమే ఒక బ్లాక్ పడుతుంది. అసలు ఇథీరియంలో బ్లాక్ 12 సెకన్లకొకటి, మీ ట్రాన్సాక్షన్ మెంపూల్‌లో (వెయిటింగ్ లిస్టులో) అందరికీ కనబడుతూ వేచి ఉంటుంది, దాన్ని చూసి ముందు దూరేవాళ్ళుంటారు, ఫీజు మారుతుంది. అన్విల్‌కి ‘బ్లాక్ టైమ్’ 12 ఇచ్చి ఒక వారం పనిచేయండి, బటన్ నొక్కాక పేజీ బిగుసుకుపోవడం, యూజర్ రెండుసార్లు నొక్కడం లాంటివి అప్పుడు బయటపడతాయి. కాన్ఫిగ్‌లో ‘అలౌ అన్‌లిమిటెడ్ కాంట్రాక్ట్ సైజ్’ ఎవరైనా ట్రూ అని పెట్టి వదిలేశారేమో చూడండి, మెయిన్‌నెట్‌లో 24,576 బైట్లు దాటిన కాంట్రాక్ట్ ఎక్కదు.

యూనిస్వాప్ (టోకెన్లు మార్చుకునే ఎక్స్ఛేంజ్) లాంటి బయటి కాంట్రాక్టులతో మీ కోడ్ మాట్లాడుతుంటే మాక్‌లు చాలవు, ఫోర్క్ చేయండి. ఆర్కైవ్ డేటా ఇచ్చే ఆర్‌పీసీ చిరునామా (నోడ్‌తో మాట్లాడే లింకు) ఇస్తే అసలు చెయిన్ స్థితి మీ ల్యాప్‌టాప్‌లోకి వస్తుంది, పెద్ద ఖాతాల వేషం కూడా వేసుకోవచ్చు. బ్లాక్ నంబర్ మాత్రం స్థిరంగా పెట్టుకోండి, లేకపోతే నిన్న పాసైన టెస్ట్ ఇవాళ ధర మారి ఫెయిలవుతుంది, కాష్ పనిచేయక నెట్ కూడా నమిలేస్తుంది. ఫౌండ్రీలో ఫజ్ టెస్టులు రాయండి, అడక్కుండానే 256 రకాల ఇన్‌పుట్‌లు ఇచ్చి చూస్తుంది, మీ కవరేజ్ గర్వం అక్కడే దిగుతుంది.

ఆ తర్వాత సెపోలియా, అందరూ వాడుకునే టెస్ట్ నెట్‌వర్క్. రాప్‌స్టెన్, రింకిబీ, గోర్లీ అని పాత పాఠాల్లో ఉంటాయి, అవేవీ ఇప్పుడు లేవు. ఫాసెట్ (టెస్ట్ ఈథర్ ఉచితంగా ఇచ్చే సైట్) నుంచి కొంచెం టెస్ట్ ఈథర్ తీసుకుని, కొన్ని వారాలు మీ ఆఫీసులో కోడ్ రాయనివాళ్ళ చేతికిచ్చి వాడించండి. సెపోలియాకి వెళ్ళేటప్పుడు హార్డ్‌హ్యాట్ ఖాతాల కీలతో వెళ్ళకండి, కొత్త కీ తయారుచేసుకోండి, దాన్ని కాన్ఫిగ్ ఫైల్‌లో రాసి గిట్‌హబ్‌కి ఎక్కించకండి. మేనేజర్‌కి తొందరగా ఉంటే ఆడిట్ కోటేషన్ తెప్పించి ఆయన టేబుల్ మీద పెట్టండి, ఎంత డబ్బు మనచేతికి అప్పగిస్తున్నారో అప్పుడు ఆయనే లెక్క వేసుకుంటారు.